సెలవుల్లో పిల్లల చేతిలో ఫోన్: గంటల లెక్క కంటే ముందు తేల్చుకోవాల్సింది

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. సెలవులు మొదలై రెండు వారాలైంది. తొమ్మిదేళ్ల బాబు నిద్ర లేస్తూనే ఫోన్ అందుకుంటున్నాడు, ఆపమంటే "ఒక్క నిమిషం" అంటాడు, లాక్కుంటే ఏడుపు, తలుపు దడాలున వేసుకోవడం. నాలుగేళ్ల పాప వీడియో పెట్టకపోతే తినడానికి నోరు తెరవడం లేదు. మీరు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు, మీవారు ఆఫీసుకి వెళ్తారు, పగలంతా పిల్లల్ని చూసుకునేది మీ అత్తగారు. రోజుకి ఎన్ని గంటలు ఇవ్వొచ్చు, ఏ యాప్‌తో లాక్ చెయ్యాలి అని అడిగారు. పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సెలవుల్లో నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలాంటివే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అంకె అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను. పాప విషయంలో అంకె ఉంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకి గంట దాటకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లో రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి ఇంచుమించు అదే మాట చెప్పింది, అదీ మంచి కార్యక్రమాలైతేనే, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే. బాబు విషయంలో మాత్రం మీరు ఆశిస్తున్న అంకె లేదు. అంతకుముందు అదే వైద్యుల సంఘం రెండేళ్లు దాటిన పిల్లలందరికీ రోజుకి రెండు గంటలు మించొద్దనేది, 2016లో ఆరేళ్లు దాటిన పిల్లలకి ఆ లెక్క తీసేసింది. బదులుగా ఇంట్లో ఒక స్థిరమైన హద్దు పెట్టమంది, స్క్రీన్ వల్ల నిద్రకీ ఒంటికి కావాల్సిన ఆటకీ లోటు రాకుండా చూసుకోమంది.

ఇది నాకు సరైన పద్ధతే అనిపిస్తుంది. అమ్మమ్మతో గంట వీడియో కాల్ మాట్లాడిన పిల్లాడినీ, గంటసేపు వేలితో రీల్స్ పైకి తోస్తూ కూర్చున్న పిల్లాడినీ ఒకే గాటన కట్టి లెక్క వెయ్యలేం కదా. కాబట్టి లెక్క నిద్ర, ఆటల వైపు నుంచి మొదలుపెట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి రోజులో 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా, చెమట పట్టేలా ఆడాలి. ఆరుబయట కొంతసేపు గడవాలి, ఇంట్లో మనుషులతో మాట్లాడుకునే సమయం ఉండాలి, ఏదో ఒకటి చదవడమో చేత్తో చెయ్యడమో ఉండాలి. ఇవన్నీ నిజంగా జరుగుతున్న రోజున తొమ్మిదేళ్ల పిల్లాడు రెండు గంటలు స్క్రీన్ చూశాడా, రెండున్నర చూశాడా అని మీరు టెన్షన్ పడక్కర్లేదు. ఇవి జరగకపోతే గంట కూడా ఎక్కువే.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మీ ఇంట్లో గొడవ ఎన్ని గంటలు అన్నదాని దగ్గర రావడం లేదు. ఎప్పుడు దొరుకుతుందో వాడికి తెలియదు, ఎక్కడ ఆగుతుందో మీకూ తెలియదు, అక్కడ వస్తోంది. బడి ఉన్న రోజుల్లో ఈ రెండూ బడే చూసుకునేది. పొద్దున బస్సు, సాయంత్రం హోంవర్కు, రాత్రి తొందరగా పడుకోవడం, వీటి మధ్య ఫోన్‌కి మిగిలే ఖాళీ దానంతట అదే చిన్నదైపోయేది. సెలవుల్లో ఆ గోడలన్నీ ఒక్కరోజులో పోయాయి. ఇప్పుడు ప్రతి గంటా ఒక బేరమే. వాడు అడుగుతాడు, మీరు వద్దంటారు, ఇంకోసారి అడుగుతాడు, మీకు మీటింగ్ మొదలవుతుంది, "సరే కాసేపు చూసుకో" అంటారు. వాడు దీన్నుంచి నేర్చుకునేది ఏమిటంటే, ఎనిమిదోసారి అడిగితే ఇస్తారని. మర్నాడు ఎనిమిదిసార్లు అడుగుతాడు. మొండితనం వల్ల అడగడం లేదు, అడిగితే పని జరుగుతోంది కాబట్టి అడుగుతున్నాడు. ప్రతిసారీ ఫలితం దొరికే అలవాటు కంటే ఎప్పుడో ఒకసారి దొరికే అలవాటు మాన్పించడం చాలా కష్టమని స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1950లలోనే ప్రయోగాలు చేసి చూపించారు. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తోంది సరిగ్గా అదే.

అందుకని మొదటి పని, రోజులో స్క్రీన్‌కి ఒక చోటు ఇవ్వండి. తొమ్మిదేళ్ల వాడికి రెండు చోట్లు ఇచ్చినా ఫర్వాలేదు. ఎప్పుడు అన్నది మీ అవసరాన్ని బట్టి పెట్టుకోండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీకు రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా మీటింగులు ఉంటే, ఎండ కూడా అప్పుడే ఎక్కువ కాబట్టి, ఆ సమయమే స్క్రీన్‌కి ఇచ్చెయ్యండి. చాలామంది తల్లులు పొద్దున తమకి ఖాళీ ఉన్నప్పుడు పిల్లాడు ఫోన్ చూస్తుంటే ఊరుకుని, మధ్యాహ్నం పని పెరిగాక "ఇప్పటిదాకా చూశావు, ఇక చాలు" అంటారు. అప్పుడు వాడి చేతిలో ఫోన్ ఉండదు, మీకు తీరిక ఉండదు, గొడవ తప్పదు. అవసరమైన చోటే వాడుకోండి.

పొద్దున లేవగానే మాత్రం వద్దు. ఈ ఒక్కదాని దగ్గర నేను గట్టిగా ఉంటాను. రోజు ఫోన్‌తో మొదలైతే ఆ తర్వాత వచ్చే ప్రతి పనీ, పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి స్నానం దాకా, దానికి అడ్డంగా కనిపిస్తుంది. అదే రోజు వేరే వాటితో మొదలైతే ఫోన్ కోసం ఎదురుచూస్తాడు, అడుగుతాడు, అయినా ఆ ఎదురుచూపులో నాలుగు పనులు జరిగిపోతాయి. పైగా ఎండ ముదరకముందు బయట ఆడుకోవడానికి దొరికేది పొద్దుటి పూటే, దాన్ని సోఫాలో పోగొట్టుకోవడం నష్టం. రెండో చోటు సాయంత్రం పెట్టుకుంటే ఇంట్లో అందరూ కలిసి చూసే సినిమాకో, మ్యాచ్‌కో పెట్టండి. పడుకునే ముందు గంట మాత్రం ఖాళీగా వదలండి.

ఇప్పుడు ఆపడం. నిజానికి అసలు చిక్కంతా ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలున్న కుటుంబాలను గమనించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో నాకు బాగా పనికొచ్చిన విషయం ఒకటుంది. "ఇంకో రెండు నిమిషాలే" అని పెద్దవాళ్లు ముందుగా హెచ్చరిస్తే పేచీ తగ్గుతుందని మనం అనుకుంటాం, వాళ్లు చూసినదాంట్లో అది పెరిగింది. కార్యక్రమం తనంతట తాను అయిపోయినప్పుడు, లేదా రోజూ అదే వేళకి ఆపే అలవాటు ఉన్నప్పుడు పిల్లలు పెద్దగా పేచీ పెట్టకుండా వదిలేశారు. ఆలోచిస్తే ఇందులో అర్థముంది. కథ అయిపోతే ఎవరి మీదా కోపం రాదు. కథ మధ్యలో అమ్మ వచ్చి ఆపేస్తే అమ్మ మీదే కోపం వస్తుంది.

కాబట్టి చూసేవాటికి చివర ఉండేలా చూసుకోండి. ముందు ఆటోప్లే తీసెయ్యండి. ఒక భాగం అవ్వగానే తర్వాతిది దానంతట అదే మొదలైపోతుంటే చివర అన్నది ఎప్పటికీ రాదు. "అరగంట చూడు" అనేకంటే "రెండు ఎపిసోడ్లు చూడు" అనండి, ఏ రెండో వాణ్నే ముందుగా ఎంచుకోనివ్వండి. షార్ట్స్, రీల్స్ లాంటి చిన్న వీడియోలతో వచ్చే ఇబ్బంది కూడా ఇదే. వాటికి ఆఖరిది అంటూ ఉండదు, ఒకటి నచ్చకపోతే తర్వాతిది నచ్చుతుందేమో అన్న ఆశే వేలిని కదిలిస్తుంటుంది. పెద్దవాళ్లకే ఆపడం చేతకానివి అవి. తొమ్మిదేళ్ల పిల్లాడికి అవి పూర్తిగా వద్దనే నేను చెప్తాను, సినిమా చూసినా, గేమ్ ఆడినా అంతకంటే చాలా నయం.

గేముల సంగతి కొంచెం వేరు. మీ బాబు ఆడేది మైన్‌క్రాఫ్ట్ అని రాశారు కాబట్టి దాంతోనే చెప్తాను. మీరు "ఇక ఆపు" అని గది గుమ్మంలోంచి అన్నప్పుడు వాడి తెర మీద ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. ఆ ఆటలో పొద్దు వాలుతుంది, చీకటి పడితే రాక్షసులు వస్తాయి. వాడేమో ఇంటికి దూరంగా ఏదో తవ్వుకుంటూ ఉంటాడు. ఆట నడుస్తుండగా అలాగే వదిలేస్తే ఆటలో చచ్చిపోవచ్చు, అప్పుడు సేకరించినవన్నీ అక్కడే నేల మీద పడిపోతాయి, ఐదు నిమిషాల్లో వెళ్లి ఏరుకోకపోతే మాయమైపోతాయి. "ఒక్క నిమిషం అమ్మా" అన్నప్పుడు వాడు చాలావరకు అబద్ధం చెప్పడం లేదు. మీ కంటికి అది ఫోన్, వాడికి మాత్రం పొద్దుటి నుంచి కూడబెట్టుకున్నదంతా అందులో ఉంది. ఇది తెలిస్తే ఆపే పద్ధతి కూడా దొరుకుతుంది. ఆ ఆటలో ఒక పగలూ రాత్రీ కలిపి గడియారంలో 20 నిమిషాలు. "ఆటలో రెండు రోజులు ఆడుకో, మూడో పొద్దు పొడిచేసరికి ఇంట్లో ఉండి సేవ్ చేసుకో" అంటే నలభై నిమిషాలని అర్థం, పైగా వాడి భాషలో అర్థం. ఆటలో మంచం మీద పడుకుంటే రాత్రి చటుక్కున దాటిపోతుంది, అది కూడా లెక్కలో వేసుకొమ్మని వాడికే చెప్పండి, సంబరంగా లెక్క కడతాడు. నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడే మ్యాచ్ ఆటలైతే మధ్యలో నిలిపే వీలుండదు, లేచి వెళ్తే జట్టంతా ఓడిపోతుంది. వాటికి ఒక మ్యాచ్ ఎంతసేపు పడుతుందో వాణ్నే అడిగి, "మూడు ముప్పావు దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు" అని హద్దు మొదలుపెట్టే దగ్గర పెట్టండి.

ఆఖరి ఐదు నిమిషాలు వీలైనప్పుడల్లా పక్కన కూర్చోండి. ఏం కట్టావురా, ఈ తలుపు ఎటు తెరుచుకుంటుంది, అని అడగండి. వాడు చూపిస్తాడు, చెప్తాడు, చెప్తూ చెప్తూ తెర నుంచి మీ వైపు తిరుగుతాడు. ఆ క్షణంలో "సేవ్ చేసి పెట్టెయ్, రా" అంటే లేచి వచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. వంటింట్లోంచి నాలుగుసార్లు అరిచినా కదలనిది ఆ పిల్లలే. రోజూ మీకు కుదరకపోవచ్చు, వారంలో మూడు నాలుగు రోజులు కుదిరినా తేడా తెలుస్తుంది.

ఆపిన తర్వాత పది నిమిషాలు కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి. తెర ఆపగానే పిల్లాడు కాసేపు చిరాగ్గా, ఏమీ తోచనట్టు ఉంటాడు. అప్పుడు "పుస్తకం చదువుకో" అంటే మళ్లీ గొడవే. ఒళ్లు కదిలే పని ఏదైనా ఇవ్వండి. నీళ్లతో ఆట, సైకిలు, మొక్కలకి నీళ్లు పొయ్యడం, కిందకి పరిగెత్తి వెళ్లి ఏదో తీసుకురావడం, ఏదైనా సరే. ఒకసారి ఒళ్లు వేరేదాంట్లో పడ్డాక బుద్ధి దాని వెనకాలే వస్తుంది.

మొదటి నాలుగైదు రోజులు గొడవ ఇప్పటికంటే ఎక్కువవుతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మూడో రోజున "ఇది మా ఇంట్లో పనిచెయ్యదు" అని వదిలేస్తారు. ఇన్నాళ్లూ ఎనిమిదోసారి అడిగితే దొరికేది ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి పన్నెండోసారి, ఇరవయ్యోసారి అడిగి చూస్తాడు, ఇంకా గట్టిగా ఏడుస్తాడు. ఆ ఇరవయ్యోసారి ఇచ్చేస్తే ఇకమీదట ఇరవై నుంచే మొదలుపెడతాడు. ఏడుస్తున్నప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. "నీకు ఇంకా ఆడాలని ఉంది, నాకు తెలుసు. రేపు రెండున్నరకి మళ్లీ ఆడుకుందువు గాని." అంతే, ఆ రెండు మాటలు చాలు. "రేపు కూడా ఇవ్వను పో" అని మాత్రం అనకండి. రేపటిది రేపు ఖాయంగా దొరుకుతుందన్న నమ్మకం మీదే ఈ పద్ధతంతా నిలబడుతుంది, కోపంలో దాన్నే తీసేస్తే వాడికి ఇవాళే వీలైనంత లాక్కోవాలనిపిస్తుంది. ఒంట్లో బాగాలేని రోజు, ప్రయాణం రోజు, చుట్టాలు వచ్చిన రోజు కాస్త ఎక్కువ ఇచ్చినా ఫర్వాలేదు. అయితే వాడు అడగకముందే మీరే చెప్పండి: "ఇవాళ ప్రయాణం కాబట్టి బస్సులో సినిమా చూడొచ్చు." మీరు ఇస్తే అది మినహాయింపు. వాడు సతాయించి తీసుకుంటే అదే రేపటి నుంచి పద్ధతి అయిపోతుంది.

యాప్ గురించి అడిగారు. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ సరిపోతుంది, రోజువారీ హద్దు, పడుకునే వేళకి లాక్, కొత్త యాప్ వేసుకోవాలంటే మీ అనుమతి, అన్నీ అందులో ఉన్నాయి. ఐఫోన్, ఐప్యాడ్‌లో 2018 నుంచి స్క్రీన్ టైమ్ అని సెట్టింగ్స్‌లోనే ఉంది, దానికి విడిగా పాస్‌కోడ్ పెట్టుకోండి, అది పిల్లాడికి తెలిసిన ఫోన్ లాక్ నంబరే కాకూడదు. పాపకి యూట్యూబ్ కిడ్స్ వాడుతుంటే అందులో టైమర్ ఉంది, వెతకడం ఆపెయ్యొచ్చు, మీరు ఎంచిన వీడియోలే కనిపించేలా కూడా పెట్టొచ్చు. ఇవన్నీ పెట్టుకోండి, కానీ వరస తప్పకండి. ముందు ఇంట్లో మాట తేల్చుకోవాలి, ఆ మాట అమలు కావడానికి లాక్ పెట్టాలి. చెప్పకుండా రాత్రికి రాత్రి లాక్ పెడితే పిల్లాడి బుర్ర అంతా దాన్ని ఎలా దాటాలా అన్నదాని మీదే పనిచేస్తుంది, వాడు దాటతాడు కూడా. "నాలుగింటికి ఇదే ఆగిపోతుంది, నేను వచ్చి లాక్కోను" అని చూపించి మరీ పెట్టండి. ఆపే పని మీ చేతిలోంచి పోవడం వల్ల మీ ఇద్దరి మధ్యా తగువు సగం తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, గేముల్లో కొనుగోళ్లకి పాస్‌వర్డ్ అడిగేలా ఇవాళే పెట్టండి. డబ్బు పోయాక పిల్లాణ్ని తిట్టి లాభం లేదు, వాడు నొక్కింది నిజం డబ్బని వాడికి తెలిసి ఉండకపోవచ్చు కూడా.

ఫోన్‌లో చూసేది టీవీలో చూడగలిగితే టీవీలోనే చూడనివ్వండి. కంటికి దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నాడో గదిలో అందరికీ తెలుస్తుంది, ఇంకో వేలితో ఇంకోదాంట్లోకి జారిపోవడం ఉండదు. అలాగని ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉండటం మాత్రం మంచిది కాదు. పాప బొమ్మలతో ఆడుకుంటున్నప్పుడు వెనకాల టీవీ నడుస్తుంటే దాని ధ్యాస మాటిమాటికీ చెదిరిపోతుంది, పెద్దవాళ్లు దాంతో మాట్లాడే మాటలు కూడా తగ్గిపోతాయి.

కళ్ల గురించి రెండు ముక్కలు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది, అందుకే కళ్లు మండుతాయి, పిల్లలు అదేపనిగా నలుపుకుంటారు. ప్రతి 20 నిమిషాలకీ ఒకసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్తారు, ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య కిటికీ దాకా వెళ్లి రమ్మంటే అది జరిగిపోతుంది. అంతకంటే పెద్ద విషయం ఆరుబయటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి రోజుల్లో అదనంగా 40 నిమిషాలు బయట గడిపేలా చేసి మూడేళ్లు చూశారు. వాళ్లలో దాదాపు 30 శాతం మందికి దూరం చూపు మందగించింది, అలా చెయ్యని బడుల్లో అది 39 శాతం దాటింది. 2015లో వచ్చిన ఫలితం ఇది. సెలవుల్లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట బయట గడిస్తే, ఫోన్ తగ్గించమని మీరు చెప్పే మాటల కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

పాప దగ్గరికి వస్తాను. తిండికి వీడియో అలవాటు మాన్పించాలి, కానీ అన్ని పూటలా ఒకేసారి వద్దు. మీకు హడావిడి లేని పూట ఒకటి ఎంచుకోండి, రాత్రి భోజనమైతే మీవారు కూడా ఉంటారు. ఆ పూట ఎవరి ఫోనూ అక్కడ ఉండదు, మీది కూడా. పాప ముందు పళ్లెంలో కొంచెమే పెట్టి, దాని చేత్తోనే తిననివ్వండి, మీద పోసుకున్నా సరే. రెండు రోజులు సరిగ్గా తినదు, మీ అత్తగారి ప్రాణం ఒప్పుకోదు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒక పూట తక్కువ తింటే తర్వాతి పూట ఆకలికి తింటుంది. బరువు విషయంలో ముందునుంచీ డాక్టరు ఏమైనా చెప్పి ఉంటే మాత్రం వాళ్లని అడిగి మొదలుపెట్టండి. వీడియో చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో తెలియదు, నోరు తెరవడం ఒకటే తెలుస్తుంది. ఆకలి, నిండటం, ఈ రెండూ గుర్తుపట్టడం నేర్చుకునే వయసు ఇది, అందుకే దీన్ని సెలవుల్లోనే సరిచెయ్యమంటున్నాను. అలాగే పాప ఏడ్చినప్పుడు ఊరుకోబెట్టడానికి ఫోన్ ఇవ్వడం కూడా తగ్గించండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని ఊరుకోబెట్టడానికి తరచూ ఫోనో టాబ్లెటో ఇచ్చే ఇళ్లలో కొన్ని నెలలకి పిల్లల్లో కోపతాపాలు ఇంకా ఎక్కువగా కనిపించాయని, మగపిల్లల్లో ఇది మరీ కనిపించిందని 2022లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడుపు వచ్చినప్పుడు దాన్ని దాటడం ఎలాగో పిల్లలు మన ఒళ్లో నేర్చుకుంటారు, ఆ పని ఫోన్‌కి ఇచ్చేస్తే నేర్చుకోరు.

ఇక "బోర్ కొడుతోంది". సెలవుల్లో ఈ మాటకి భయపడే చాలామంది ఫోన్ ఇచ్చేస్తారు. బోర్ కొట్టడం జబ్బు కాదు, మందు వెయ్యక్కర్లేదు. ఒక ఇరవై నిమిషాలు వాడు ఇల్లంతా తిరుగుతాడు, సోఫా మీద తలకిందులుగా పడుకుంటాడు, చెల్లిని గిల్లుతాడు, మీ కుర్చీ వెనకాల నిలబడి మూలుగుతాడు. ఆ తర్వాత ఏదో ఒకటి పట్టుకుంటాడు. పట్టుకోవడానికి అక్కడ ఏదో ఉండాలి, అదొక్కటే మీ పని. ఖాళీ అట్టపెట్టెలు, టేపు, కత్తెర, తాడు, రంగులు, పాత దుప్పటి, ఇవి పైఅరలో కాకుండా వాడి చేతికి అందే చోట పెట్టండి, ఇల్లు చిందరవందర అవుతుందని ఒప్పుకోండి. ఒక పెద్ద అట్టపెట్టె ఇస్తే దానికి కిటికీలు కోసి, చెల్లిని లోపల కూర్చోబెట్టి, టికెట్లు కూడా రాసుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, ఖాళీ దొరికితేనే. నిజమైన పనులు కూడా ఇవ్వండి. తొమ్మిదేళ్ల వాడు బట్టలు మడత పెట్టగలడు, వంటలో సాయం చెయ్యగలడు, చెల్లికి కథ చదివి వినిపించగలడు. ఆటకోసం ఇచ్చినట్టు కాకుండా, వాడు చెయ్యకపోతే ఆ పని ఆగిపోయేలా ఇస్తే వాడికీ అందులో గౌరవం ఉంటుంది.

మీ అత్తగారి గురించి మీరు రాసిన మాటల్లో కొంచెం కోపం కనిపించింది. ఆవిడ వయసులో నాలుగేళ్ల పిల్లని, తొమ్మిదేళ్ల పిల్లాణ్ని రోజంతా చూడటం మామూలు విషయం కాదు, అలసిపోయినప్పుడు ఆవిడ చేతికి దొరికేది ఫోనే. పిల్లల ముందు "అత్తయ్యా, ఫోన్ ఎందుకిచ్చారు" అని అడిగితే ఆవిడకి కష్టం, పిల్లలకి అలుసు. విడిగా కూర్చుని ఆవిడకి ఏ వేళ మరీ ఇబ్బందిగా ఉంటోందో అడగండి. ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చే వేళే స్క్రీన్ వేళ అయితే ఆవిడకీ ఊరట, మిగతా సమయంలో వద్దనడానికి ఆవిడకి ఒక మాటా దొరుకుతుంది: "రెండున్నర ఇంకా కాలేదు నాన్నా." మీవారు "సెలవులే కదా, చూడనివ్వు" అంటున్నారన్నారు. ఆయనతో అన్నిటికీ వాదించకండి. పొద్దున ఫోన్ వద్దు, పడుకునే గదిలో ఫోన్ వద్దు, ఈ రెండింటికీ ఒప్పుకుంటే చాలు, మిగతావి నెమ్మదిగా సర్దుకుంటాయి.

పడుకునే గదిలో వద్దు అన్నది పిల్లలకి మాత్రమే పెడితే నిలవదు. రాత్రి అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట ఛార్జింగ్‌కి పెట్టండి, అలారం కావాలంటే గడియారం కొనుక్కోండి. పగలు మీరు ఫోన్ చూడక తప్పదు, ఉద్యోగం అదే కదా. అప్పుడు ఎందుకు చూస్తున్నారో పైకి చెప్పండి, "ఆఫీసు మెయిల్‌కి జవాబిస్తున్నా, ఐదు నిమిషాల్లో పెట్టేస్తా" అని, ఐదు నిమిషాల్లో నిజంగా పెట్టెయ్యండి. పిల్లల కంటికి మన ఫోన్‌లో ఉద్యోగమూ రీల్సూ ఒకేలా కనిపిస్తాయి, చెప్తేనే తేడా తెలుస్తుంది.

చివర్లో "వీడు ఫోన్‌కి బానిస అయిపోయాడా" అని అడిగారు. గేములు వదల్లేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రుగ్మతగా తన జాబితాలో చేర్చిన మాట నిజమే, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ దానికి మామూలుగా ఏడాది పాటు లక్షణాలు కనిపించాలి, ఆట మీద అదుపు పూర్తిగా పోవాలి, చదువు, స్నేహాలు, ఇల్లు అన్నీ దెబ్బతినాలి, నష్టం కనిపిస్తున్నా ఆట పెరుగుతూనే ఉండాలి. సెలవుల్లో రెండు వారాలు ఎక్కువ ఆడి, ఆపితే ఏడ్చే పిల్లాడు ఆ కోవలోకి రాడు, వాడి ముందు ఆ మాట వాడకండి. రాత్రుళ్లు దొంగచాటుగా ఆడుతూ నిద్ర పోగొట్టుకుంటున్నా, ఇదివరకు ఇష్టంగా చేసినవన్నీ వదిలేసినా, దగ్గరి స్నేహితుల్ని కూడా కలవనన్నా, ఫోన్ ఆపితే తననో ఇతరులనో కొట్టుకునే దాకా వెళ్తున్నా, బడి తెరిచాక కూడా ఇదే నడుస్తున్నా అప్పుడు పిల్లల వైద్యుణ్ని కలవండి. అలాంటప్పుడు ఫోన్ వెనక వేరే బాధ ఏదైనా ఉందేమో, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా చూడాలి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం పొద్దుటి ఫోన్ ఒక్కటి ఆపి, మధ్యాహ్నం వేళ ఖాయం చెయ్యండి. ఒక సాయంత్రం బాబుని కూర్చోబెట్టుకుని వాడి ముందే కాగితం మీద రాయండి, వేళల్లో ఒకటి వాణ్నే ఎంచుకోనివ్వండి. పాప భోజనం సంగతి వచ్చే వారం. సెలవులు అయిపోవడానికి రెండు వారాల ముందు నుంచి పడుకునే వేళని రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున తొందరగా అయ్యేలా జరపండి. బడి తెరిచాక మధ్యాహ్నం వేళ ఎలాగూ పోతుంది. సాయంత్రానిది ఉంచాలా, శని ఆదివారాలకే పరిమితం చెయ్యాలా అన్నది బడి ఇంకా తెరవకముందే వాడితో కలిసి మాట్లాడుకోండి.